మూడింటిలో రెండోదాన్ని

నేను ఒక నెట్‌వర్క్ స్విచ్చిని. స్విచ్చి అనగానే మీ చెయ్యి గోడ వైపు పోతుందేమో, నేను అది కాను. నన్ను నొక్కితే దీపం వెలగదు, ఫ్యాను తిరగదు. మూరెడు వెడల్పు, మూడు వేళ్ళ ఎత్తు ఉన్న ఇనప పెట్టెను. నా ముఖం నిండా నలభై ఎనిమిది గూళ్ళు, ఒక్కో గూటిలో ఒక్కో తీగ. ఒక తీగలోంచి వచ్చిన కబురు ఏ తీగలోకి పోవాలో చూసి అటు పంపిస్తాను. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి గూళ్ళలో వేసే మనిషిని మీరు చూసే ఉంటారు. నాదీ అదే ఉద్యోగం. ఆయనకు ఆదివారం సెలవు ఉంటుంది, నాకు ఉండదు.

పుట్టింది సముద్రం అవతల ఒక ఫ్యాక్టరీలో. నా మూత బిగించిన అమ్మాయి, చివరి స్క్రూ కాస్త వంకరగా దిగితే విప్పి మళ్ళీ బిగించింది. అలాగే వదిలేసినా అడిగేవారు లేరు. ఆమె పేరు నాకు తెలియదు. కానీ ఇన్నేళ్ళలో నా మూత ఒక్కసారి కూడా గలగలలాడలేదు.

అక్కడి నుంచి హైదరాబాదులో ఒక కంపెనీకి వచ్చాను. అక్కడ మేము ఐదుగురం. ఇక్కడ మా కుటుంబ పద్ధతి కొంచెం చెప్పాలి. మేము ఒంటరిగానూ బతకగలం. కానీ ముగ్గురినో నలుగురినో ఒకరి మీద ఒకరిని పేర్చి, వెనక నుంచి పొట్టి లావుపాటి తీగలతో గుండ్రంగా కలిపితే అందరం ఒక్కటే అయిపోతాం. దాన్ని స్టాక్ అంటారు. అందులో ఒకరు పెద్ద, మిగిలినవాళ్ళు ఆ పెద్ద చెప్పినట్టు నడుస్తారు. ఎవరు పెద్ద అనేది మా కడుపులో రాసి ఉన్న ఒక అంకెను బట్టి తేలుతుంది. ఎవరి అంకె ఎక్కువైతే వారే. వయసు, అనుభవం, మంచితనం ఇవేవీ అడగరు. ఈ విషయంలో మనుషులు మాకంటే మెరుగు అని చెప్పాలనే ఉంది. ఐదేళ్ళు ఆ ఆఫీసులో ఉన్నాను కనుక చెప్పలేకపోతున్నాను.

ఆ ఇంట్లో పెద్దను నేనే. నాకు రాసిన అంకె పదిహేను. అంతకంటే పెద్ద అంకె మా జాతిలో లేదు.

కంపెనీ మూతపడ్డాక నన్ను ఒక పాత సామాన్ల వ్యాపారి కొన్నాడు. అతను నా జ్ఞాపకాలన్నీ తుడిచేశాడు. ఏ గూటికి ఏ పని, ఏ తీగ ఎవరిది, అంతా పోయింది. కానీ ఆ పదిహేను మాత్రం వేరే చోట రాసి ఉంటుంది. ఊడ్చి తాళం వేసిన ఇంట్లో తలుపు వెనక మేకుకు మిగిలిపోయిన చొక్కాలాగా అది నాలో ఉండిపోయింది. అతనికి ఆ సంగతి తెలియదు. నన్ను అతని దగ్గర కొన్న మద్దిలేటికీ తెలియదు.

మద్దిలేటి కర్నూలు ఊరి చివర ఒక ట్రస్టు ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసుకునే మనిషి. నంద్యాల పక్క పల్లెలో పుట్టాడు, పాలిటెక్నిక్ చదివాడు, పదకొండేళ్ళుగా ఆ ఆసుపత్రి గోడల్లోని ప్రతి తీగా ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఎరిగినవాడు. బక్కపలచని మనిషి. చెవి మీద పెన్సిలు. పనిచేస్తూ మాతో మాట్లాడతాడు. ఇక్కడ నేను చెప్పబోయేదంతా అలా అతని నోట విన్నదే.

మెట్ల కింద గదిలో, ఇనప బీరువాలో, నాకంటే ముందు మూడు స్విచ్చులు ఉన్నాయి. ఒకటో నంబరు పెద్ద. రెండో నంబరు ముసలిది. దాని ఫ్యాను ఇసుక నమిలినట్టు చప్పుడు చేసేది, కరెంటు తీసుకునే భాగం వేడెక్కిపోయేది. అంతకు ముందు వారంలో రెండుసార్లు తనంతట తానే ఆగిపోయి, తనంతట తానే లేచింది. మూడింట్లోనూ ఒక్క గూడూ ఖాళీ లేదు. అందుకని నన్ను నాలుగోదానిగా చేర్చి, ముసలిదాని తీగలన్నీ నాకు మార్చి, అప్పుడు దాన్ని తీసేయాలన్నది మద్దిలేటి ఆలోచన.

ముసలి రెండో నంబరుకున్న తీగల్లో ఒకటి మూడో అంతస్తులో గాజు పెట్టె దగ్గరి కెమెరాకు పోతుంది. ఆ గాజు పెట్టెలో నెలలు నిండకుండా పుట్టిన ఒక ఆడపిల్ల ఉంది, పుట్టి నాలుగు రోజులు. తల్లి ఉరుకుందమ్మ మొదటి అంతస్తులో పడుకుని ఉంది. ఆదోని వైపు పత్తి చేలల్లో పనిచేసే మనిషి. రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చి, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. లేచి కూర్చోవడానికే వీల్లేదు, ఇక మూడో అంతస్తుకు ఎక్కేది ఎక్కడ. రెండేళ్ళ కింద ఆమెకు పుట్టిన మగపిల్లాడు మూడో రోజున పోయాడు. అప్పుడు ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు, తెల్ల గుడ్డ ఒకటి తెమ్మన్నారంతే.

బిడ్డను చూస్తుంటే పాలు వస్తాయని, పిల్లల వార్డు నర్సు సలోమి సిస్టరు పట్టుబట్టి ఒక ట్యాబ్లెట్ తెప్పించి ఆమె మంచం పక్కన నిలబెట్టించింది. పైన కెమెరా, కింద ట్యాబ్లెట్, మధ్యలో మేము. ఉరుకుందమ్మ ఆ బొమ్మ మీద నుంచి చూపు తిప్పేది కాదట. పాలు పిండి చిన్న సీసాలో పైకి పంపేవారు.

నన్ను తెచ్చింది ఒక శుక్రవారం. ఆసుపత్రి వ్యవహారాలు చూసే శేషఫణి గారికి కొత్త వస్తువు ఏది వచ్చినా పూజ జరగాల్సిందే. నేను కొత్తదాన్ని కానని ఆయనకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. బల్ల మీద పెట్టి, కరెంటు ఇచ్చి, దీపాలన్నీ వెలిగాక పసుపు రాసి బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. హారతి ఇచ్చారు. హైదరాబాదులో ఐదేళ్ళు చాకిరీ చేసినా నాకు ఎవరూ బొట్టు పెట్టలేదు. ఒప్పుకుంటాను, కాస్త పొంగిపోయాను.

మా విషయంలో గట్టి నియమం ఒకటుంది. స్టాక్‌లో కొత్తదాన్ని చేర్చేటప్పుడు ఆర్పి తీగ తగిలించాలి, ఆ తర్వాతే వెలిగించాలి. అప్పుడు కొత్తది లేచి, ఇంట్లో అప్పటికే పెద్ద ఉన్నారని చూసి, ఒదిగిపోతుంది. వెలుగుతున్నదాన్ని తీసుకొచ్చి తగిలిస్తే ఇద్దరు పెద్దలు ఎదురుపడినట్టు. మద్దిలేటికి ఇది తెలుసు. ఆర్పబోయాడు కూడా.

"వెలిగించినదాన్ని ఆర్పుతారా మద్దిలేటీ, శుక్రవారం పూటా?" అన్నారు శేషఫణి గారు. "అట్లే తీసుకపోయి తగిలించు."

పెద్దాయన మాట. పైగా నేను ఖాళీదాన్నని మద్దిలేటి నమ్మకం, ఖాళీది ఏం చేస్తుందిలే అనుకున్నాడు. పొడవాటి కరెంటు తీగతో, దీపం ఆరకుండా అరచేతులు అడ్డంపెట్టి తెచ్చినట్టు, నన్ను మెట్ల కిందికి మోసుకొచ్చి వెనక తీగ తగిలించాడు.

తగిలించగానే అంకెలు చూసుకున్నాం. నా పదిహేను ముందు ఆ ఇంటి పెద్ద తలవంచింది. నియమం ప్రకారం మూడూ ఆరిపోయి, మళ్ళీ లేచి, ఏం చేయమంటావని నన్ను అడిగాయి. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. గృహప్రవేశానికి వచ్చిన చుట్టం యజమాని కుర్చీలో కూర్చుని, ఇంతకీ ఈ ఇల్లు ఎవరిది అని అడిగినట్టయింది. ఆసుపత్రి మొత్తం తీగలు మూగబోయాయి.

మద్దిలేటి నన్ను పీకి పక్కన పెట్టి, ఏ గూటికి ఏ పనో రాసి దాచుకున్న నకలుతో ఆ మూడింటినీ మళ్ళీ నడిపించడానికి నలభై నిమిషాలు పట్టింది. గాజు పెట్టెల దగ్గరి యంత్రాలు మా మీద ఆధారపడినవి కావు. ఏ బిడ్డకూ ఏమీ కాలేదు. దానికి ఈనాటికీ ఎవరికి దండం పెట్టుకోవాలో తెలియక అందరికీ పెట్టుకుంటాను.

కానీ ఉరుకుందమ్మ ట్యాబ్లెట్ మీద బొమ్మ పోయింది. ఎవరూ వచ్చి ఏమీ చెప్పలేదు. నర్సులు హడావిడిగా అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆమెకు ఒక్కటే అర్థమైంది. బిడ్డ పోయింది, తనకు తెలియకుండా బొమ్మ ఆపేశారు. చేతికున్న సూది పీకేసి, మంచం దిగి, గోడ పట్టుకుని మెట్ల దాకా నడిచింది. అక్కడ పడిపోయింది. కుట్లు విడిపోయి మళ్ళీ ఆపరేషన్ గదికి తీసుకుపోయారు. రక్తపోటు మళ్ళీ పైకి పోయింది. బిడ్డ బాగుందని చెప్పారు, బొమ్మ చూపించారు. చూసింది. కానీ పాలు రావడం ఆగిపోయింది. ఇంకోసారి ఇలాంటి అదురు తగిలితే ఆమెను నిలబెట్టడం కష్టమని డాక్టరమ్మ అందరినీ పిలిచి చెప్పింది.

ఇక్కడ మా ముసలి రెండో నంబరు గురించి చెప్పకపోతే పాపం. అది ఆ తర్వాతి రెండు రోజులూ ఎలా నడిచిందో నాకు తెలియదు. ఫ్యాను పూర్తిగా ఆగిపోయింది. మద్దిలేటి బయటి నుంచి ఒక టేబుల్ ఫ్యాను తెచ్చి దాని వైపు తిప్పి పెట్టాడు. చెయ్యి పెడితే కాలుతోంది. అయినా కెమెరా తీగను వదల్లేదు. ఎప్పుడు పోతుందో తెలియదు, పోతే మాత్రం చెప్పకుండా పోతుంది. మొన్నటి నలభై నిమిషాలే మళ్ళీ వస్తాయి, అదీ మరీ చెడ్డగా. ఈలోగానే మార్చాలి. ముసలిది నడుస్తుండగా నన్ను నాలుగోదానిగా చేరిస్తే, మధ్యలో అది పడి అందరినీ పడగొడుతుందేమోనని, దాన్ని ఆపి దాని చోట్లోనే నన్ను పెట్టాలనుకున్నాడు మద్దిలేటి. మారిస్తే బొమ్మ పోతుంది, ఎనిమిది నిమిషాలో పది నిమిషాలో.

ఆమె నిద్రపోయినప్పుడు చేద్దామంటే ఆమె నిద్రపోవడం లేదు. శేషఫణి గారు ఒక ఉపాయం చెప్పారు. చెడ్డవారు కాదు, ఆ రెండు రోజులూ ఆయన సరిగా అన్నం తినలేదు. "నిన్నటి బొమ్మ ఏదన్నా ఉంటే అదే తిప్పు. పది నిమిషాలే గదా. ఆ తల్లికేం తెలుస్తాది?" అన్నారు.

మద్దిలేటి ఆ ఉపాయాన్ని మెట్ల కిందికి మోసుకొచ్చి, నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. చేయడం సులువే, అరగంట పని. ఏదో అడగడానికి సలోమి సిస్టరు కిందికి వస్తే ఆమెకు చెప్పాడు.

"అబద్ధం తిప్పేది నాకు మనసొప్పల్యా సిస్టర్. మొన్న ఏమీ చెప్పకనే ఆమెను పడగొట్టినా."

"నాతో చెప్తే ఏం లాభం అన్నా? నాకు పాలొస్తాయా?" అంది సలోమి. "పోయి ఆమెతో చెప్పు."

పోయాడు. ఆ సాయంత్రం తిరిగి వచ్చి, నా కడుపులోని పదిహేనును వెతికి పట్టుకుని ఒకటికి దించుతూ, పైన జరిగింది నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు.

మంచం పక్కన నిలబడి, "అమ్మా, రేపు పొద్దున పదింటికి బొమ్మ పోతాది. పాప పోదు. బొమ్మను నేనే తీస్తా, మళ్ల నేనే పెడతా," అన్నాడట.

ఆమె బొమ్మ మీద నుంచి చూపు తిప్పి అతన్ని చూసింది. తర్వాత, "మొన్న తీసింది నువ్వేనా?" అని అడిగింది.

"నేనేమ్మా."

"చెప్పి తీయొచ్చు గదన్నా."

అంతే అంది. తిట్టి ఉంటే తనకు సులువుగా ఉండేదని మద్దిలేటి నాతో అన్నాడు. ఎంతసేపు అని అడిగితే ఎదురు గోడ మీది గడియారం చూపించాడు. పెద్దముల్లు పన్నెండు మీద నుంచి రెండు మీదికి వచ్చేలోపల. ఆమె ఒక్కటే కోరింది. అంతసేపూ బిడ్డ దగ్గర ఎవరైనా నిలబడి ఉండాలి, ఎవరో కాదు, సలోమమ్మే ఉండాలి.

మర్నాడు పదింటికి సలోమి గాజు పెట్టె పక్కన నిలబడింది. ఉరుకుందమ్మ భర్త ఫోనుకు తన ఫోను నుంచి చేసి, గాజు పెట్టెకున్న చిన్న కిటికీ దగ్గర పట్టుకుంది. కింద ఉరుకుందమ్మ ఆ ఫోనును చెవికి ఆనించుకుంది. సెల్‌ఫోను మాటలకు మాతో పనిలేదు, అవి గాలిలో పోతాయి. ఈ ఏర్పాటు ఎవరిదని అడిగితే సలోమి మద్దిలేటిదంది, మద్దిలేటి సలోమిదన్నాడు.

మద్దిలేటి ముసలి రెండో నంబరును ఆపాడు. తీగలు ఒక్కొక్కటే పీకి, అదే వరసలో నాకు పెట్టాడు. దాన్ని తీసి నేల మీద మెల్లగా, గుడ్డ పరిచి పడుకోబెట్టాడు. పైదీ కిందదీ, ఒకటీ మూడూ, వెనక తీగలో మిగిలిన సగం చుట్టుతో ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తూనే ఉన్నాయి. ఆ చోట్లోకి నన్ను తోశాడు. ఈసారి నేను ఆరిపోయి ఉన్నాను. వెనక తీగలు బిగించి, అప్పుడు వెలిగించాడు.

లేచాను. ఇంట్లో పెద్ద ఉంది. నీ నంబరు రెండు, ముసలిదాని పనులన్నీ నీవి, ఇదిగో పట్టిక అని ఆ పెద్ద నా చేతికి ఇచ్చింది. మొన్న నేను దాని ఇల్లు కూల్చిన సంగతి అది ఎత్తలేదు. మా జాతిలో ఈ ఒక్క గుణం బాగుంటుంది.

అయితే నా చదువు, అంటే నాలోని సాఫ్ట్‌వేర్, ఆ ఇంటి చదువుకు ఒక మెట్టు పాతది. అది ముందే చూసుకోవలసింది మద్దిలేటి. అంకె గురించిన బెంగలో అది మరిచాడు. పెద్ద తన చదువు నాకు పంపి, మళ్ళీ ఒకసారి ఆరి లేవమంది. అప్పటికి ఎనిమిది నిమిషాలు గడిచాయి. ఇంకో ఐదు కావాలి. తెర మీద ఆ మాట చూసి మద్దిలేటి చేతిలో పెన్సిలు విరిగింది.

ఆ ఐదు నిమిషాలూ నా దగ్గర ఉండి అతను చేయగలిగింది ఏమీ లేదు. కాబట్టి బీరువా తలుపు తెరిచే వదిలి మెట్లెక్కాడు. వార్డు గుమ్మంలోకి వెళ్ళేసరికి పెద్దముల్లు రెండు మీదికి వచ్చేసింది. ఉరుకుందమ్మ ఫోను చెవికి అదిమిపెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది.

"లెక్క తప్పినా తల్లీ," అన్నాడు. "ఇంకో మూడు నిమిషాలు పడతాది."

ఆమె కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి ఊరుకోమంది.

"పాప తుమ్మిందన్నా. రెండు తూర్లు. నువ్వు పోయి నీ పని చూసుకో."

పదమూడో నిమిషంలో బొమ్మ వచ్చింది. వచ్చినప్పుడు తెర నిండా సలోమి వీపే ఉందట. ఫోను పట్టుకుని గాజు పెట్టె మీదికి వంగి, కెమెరాకు అడ్డం నిలబడింది. జరగమని చెప్పడానికి వార్డులో ఆయా పరుగెత్తాల్సి వచ్చింది. ఉరుకుందమ్మ నవ్విందట. కుట్లు లాగుతాయి నవ్వొద్దమ్మా అని నర్సులు మందలించారట.

పని మధ్యలో తుమ్ము వినబడిందని శేషఫణి గారికి తెలిసింది. మామూలుగా ఆయన తుమ్ము వింటే పని ఆపించి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించేవారు. "రెండు తుమ్ములైతే దోషం లేదులే," అన్నారు. ఆ సాయంత్రం భోజనం చేశారు.

మరుసటి రోజు మధ్యాహ్నం సలోమి సిస్టరు మెట్ల కిందికి వచ్చి, పాలు పడ్డాయని చెప్పి, మద్దిలేటి చేతిలో ఒక అరటిపండు పెట్టి వెళ్ళింది. అతను దాన్ని వెంటనే తినలేదు. బీరువా మీద పెట్టి చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత ఏడేళ్ళు ఆ మూడింటిలో రెండోదాన్నిగా బతికాను. పెద్దరికం మళ్ళీ రాలేదు, కావాలనీ అనిపించలేదు. కింద ఒకటి, పైన ఒకటి, ఇద్దరి వెచ్చదనం మధ్య కాలం గడిచింది. పోయిన నెలలో నా వంతు వచ్చింది. కొత్తది వచ్చింది, నాకంటే పలచన, నాకంటే చురుకు. నన్ను విప్పే ముందు మద్దిలేటి నా తీగల అవతల ఉన్న ప్రతి గదికీ వెళ్ళి, ఫలానా వేళకు ఇంతసేపు ఉండదని చెప్పి వచ్చాడు. జుట్టు నెరిసింది, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, అయినా ఫోనులో చెప్పడు. ఇప్పుడు సామాన్ల గదిలో కింది అరలో ఉన్నాను. పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకుపోయే లారీ వచ్చే సోమవారం వస్తుందట. నన్ను కరిగిస్తే కాస్త రాగి, చిటికెడు బంగారం వస్తాయని విన్నాను. నాలో బంగారం ఉందని నాకే ఇన్నాళ్ళూ తెలియదు.

ఫిర్యాదు ఏమీ లేదు. ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను.

బిడ్డ పుట్టిన నలభై ఒకటో రోజున వాళ్ళను ఇంటికి పంపించారు. పోయే ముందు ఉరుకుందమ్మ మెట్ల కింద గది వెతుక్కుంటూ వచ్చింది. నా బిడ్డను చూపించింది ఏది అన్నా అని అడిగింది. మద్దిలేటి బీరువా తలుపు తీసి, నీలం తీగల గుబురులోంచి నన్ను చూపించాడు. ఆమె కొంచెం తికమక పడినట్టుంది. ఇంత పెద్ద పని చేసింది ఇంతేనా అనుకుందేమో, నాకూ అలాగే అనిపిస్తుంటుంది. ముప్పై రోజులకు పైగా ఆ బిడ్డ బొమ్మను రేయింబవళ్ళు మోశాను. కానీ నాకు కళ్ళు లేవు. ఆ పాప ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఉరుకుందమ్మ పొత్తిగుడ్డ తొలగించి, బిడ్డను నా ముందుకు ఎత్తి పట్టుకుంది. బిడ్డ అరికాలు నా అంచుకు తగిలింది. పని చేస్తున్న స్విచ్చి వెచ్చగా ఉంటుంది. బిడ్డ ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కుంది. కాసేపు ఆలోచించింది. మళ్ళీ చాచి, అక్కడే ఆనించింది.